వేసవి సూచన చదివి, ఆ రోజు నిప్పు ప్రమాదాన్ని ఇంటి దగ్గరే లెక్కకట్టడం ఎలా?

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయిందంటే, విజయవాడ, గుంటూరు వైపు నుంచి నాకు ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. “ఈ ఏడు ఎండలు ఎట్లా ఉంటాయి, ఎప్పటి నుంచి నిప్పుతో జాగ్రత్త పడాలి?” కల్లంలో మిర్చి ఆరబోసినవారు, గడ్డివాము వేసుకున్నవారు, తాటాకు పంచలో వంట చేసుకునేవారు, కొండవాలున ఇల్లు కట్టుకున్నవారు అందరూ ఇదే అడుగుతారు. చాలామంది ‘రేపు ఎన్ని డిగ్రీలు’ అన్న ఒక్క అంకెలోనే సమాధానం వెతుకుతున్నారు. నిప్పు విషయంలో ఆ అంకె చెప్పేది తక్కువ. మధ్యాహ్నం గాలిలో తేమ ఎంతకు పడిపోయింది, గాలి ఎటునుంచి ఎంత బలంగా వీస్తోంది, సాయంత్రంలోగా దిక్కు మారుతుందా అన్న మూడు సంగతులే ఎక్కువ చెబుతాయి.

ఈ మాట నేను సొంత అనుభవం మీద చెబుతున్నాను. కొన్నేళ్ళ క్రితం మార్చి నెలాఖరులో, ఎండ 37 డిగ్రీలు దాటని ఒక రోజున, మా పక్క చేను రైతు పదకొండు గంటల వేళ మొక్కజొన్న చొప్పకు నిప్పు పెట్టారు. పడమటి గాలి వీస్తోంది, మా గడ్డివాము ఆ చేనికి వాయవ్యాన ఉంది, పొగ మాకు దూరంగా తూర్పుకు పోతోంది కాబట్టి మేమూ అడ్డు చెప్పలేదు. మూడు గంటలకు ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి తిరిగింది. అప్పటికి మంటలు ఆరిపోయి, మోళ్ళలో నిప్పు మాత్రమే మిగిలి ఉంది. ఆ నిప్పే డొంక దాటి మా వామును అందుకుంది. రెండు గేదెలకు ఏడాది మేత గంటలో బూడిదైంది. ఆ రోజు ఉష్ణోగ్రతలో భయపడవలసినది ఏమీ లేదు. తేమనూ గాలి తిరుగుడునూ మేము చూడలేదు, అంతే. ఈ పద్ధతి తయారైంది ఆ తరువాతే.

కావలసినవి

గోడకు తగిలించే మామూలు ఉష్ణమాపకాలు రెండు, ఒకేరకానివి తీసుకోండి. వాటికి బదులు ఉష్ణోగ్రతనూ తేమనూ కలిపి చూపే చిన్న డిజిటల్ మీటరు ఒకటి ఉన్నా సరిపోతుంది. పాత పంచె గుడ్డ ముక్క, చిన్న గిన్నెడు నీళ్ళు, విసనకర్ర కావాలి. గాలి దిక్కు చూడడానికి వెదురు కర్రకు కట్టిన గుడ్డపేలిక కావాలి. వాన కొలవడానికి అడుగు నుంచి అంచు వరకు ఒకే వెడల్పు ఉన్న స్టీలు డబ్బా, ఒక స్కేలు చాలు. ఫోనులో భారత వాతావరణ శాఖ వారి ‘మౌసమ్’, రైతులకైతే ‘మేఘదూత్’, పిడుగుల హెచ్చరికకు ‘దామిని’ పెట్టుకోండి. ఒక నోటు పుస్తకం తప్పనిసరి. దాని తొలి పేజీలో అగ్నిమాపక కేంద్రం 101, అత్యవసర సేవ 112, అంబులెన్సు 108, కరెంటు ఫిర్యాదులకు 1912, వంటగ్యాసు లీకైతే 1906 అని పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో అందరికీ కనబడేచోట ఉంచండి.

1. కాలం మొత్తానికి ఇచ్చే సూచన నుంచి తీసుకోవలసినంతే తీసుకోండి

మార్చి నుంచి మే వరకు ఎండలు ఎలా ఉండవచ్చో వాతావరణ శాఖ ఫిబ్రవరి చివరలో చెబుతుంది. మార్చి చివరలో ఏప్రిల్ నుంచి జూన్ వరకు మరోసారి చెబుతుంది. అందులో ‘సాధారణం కంటే ఎక్కువ ఉండే అవకాశం’ అన్న మాటకు ప్రతి రోజూ మండిపోతుందని అర్థం కాదు. మూడు నెలల సగటు మామూలును మించే అవకాశం ఎక్కువగా ఉందని మాత్రమే అర్థం. ఆ కాలంలోనే రెండు మూడు గాలివానలు రావచ్చు, వారం రోజులు చల్లగా కూడా ఉండవచ్చు. అలాగే ‘సాధారణం’ అని రాసినంత మాత్రాన తేలిగ్గా తీసుకోకండి. మన దగ్గర సాధారణమే తక్కువది కాదు. విజయవాడ పక్కన గన్నవరం వాతావరణ కేంద్రంలో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత మార్చిలో 35, ఏప్రిల్‌లో 37, మేలో 40 డిగ్రీల దరిదాపున ఉంటుంది.

ఈ సూచనతో చేయగలిగిన పనులు రెండే. ఈసారి ఎక్కువ ఎండలని చెబితే వాముల చుట్టూ గడ్డి చెక్కడం, పట్టాలు కొనడం, ఇంటి వైరింగు చూపించుకోవడం ఉగాదిలోపే ముగించండి. వడగాల్పుల రోజులు ఎక్కువ ఉంటాయని ప్రత్యేకంగా రాసి ఉంటే, కోతలకు, కల్లం పనులకు ఉదయం వేళలు ముందుగానే మాట్లాడుకోండి.

2. మీ జిల్లా ఏదో, మీకు దగ్గరి కేంద్రం ఏదో సరిచూసుకోండి

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఈ పొరపాటు ఎక్కువగా జరుగుతోంది. నరసరావుపేట, మాచర్ల, రెంటచింతల ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్నాయి. తెనాలి, మంగళగిరి గుంటూరు జిల్లాలో, రేపల్లె, బాపట్ల బాపట్ల జిల్లాలో ఉన్నాయి. విజయవాడ నగరం ఎన్టీఆర్ జిల్లాది. పాత అలవాటు కొద్దీ ‘గుంటూరు’ అని చూసుకుంటే, పల్నాడు రైతు తన ఊరి ఎండను రెండు మూడు డిగ్రీలు తక్కువగా అంచనా వేసుకునే ప్రమాదం ఉంది. రెంటచింతల చుట్టుపక్కల భూమి సముద్రానికి దూరం, చల్లగాలి అక్కడికి ఆలస్యంగా చేరుతుంది, కొన్ని రోజులు అసలు చేరదు. రేపల్లెలో ఉక్కపోత ఎక్కువ, పొడి తక్కువ. ఒకే రోజు ఈ రెండు ఊళ్ళలో నిప్పు ప్రమాదం ఒకటి కాదు.

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో మండలాల వారీగా వడగాల్పుల జాబితా ఇస్తుంది. జిల్లా పేరుతో సరిపెట్టుకోకుండా మీ మండలం పేరు అందులో ఉందేమో చూడండి.

3. గురువారం ఒకసారి, ప్రతి ఉదయం ఒకసారి సూచన చదవండి

రానున్న నాలుగు వారాల అంచనాను వాతావరణ శాఖ ప్రతి గురువారం విడుదల చేస్తుంది. అందులో మొదటి రెండు వారాలను పట్టించుకోండి, మూడు నాలుగు వారాలది మొగ్గు చూడడానికే తప్ప తేదీలు పెట్టుకోవడానికి పనికిరాదు. మిర్చి కోత, వరి నూర్పిడి, ఇంటి కప్పు మరమ్మతు వంటివాటికి ఈ రెండు వారాల చూపు చాలా ఉపయోగపడుతుంది. రైతులైతే మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా కూడా చదవండి.

ఉదయం చూడవలసినది రంగు. పచ్చ రంగు ఉంటే ప్రత్యేకంగా చేయవలసినది లేదు, పసుపు ఉంటే గమనిస్తూ ఉండాలి, నారింజ ఉంటే సిద్ధంగా ఉండాలి, ఎరుపు ఉంటే వెంటనే చర్య తీసుకోవాలి. రంగుతోపాటు ఆ రంగు దేనికి వచ్చిందో తప్పక చదవండి. ఎండకు వచ్చిన పసుపు వేరు, ఉరుములు ఈదురుగాలులకు వచ్చిన పసుపు వేరు.

వడగాల్పు అన్న మాటకూ ఒక కొలత ఉంది. మైదాన ప్రాంతంలో కనీసం 40, తీర కేంద్రంలో కనీసం 37 డిగ్రీలు నమోదై, అది అక్కడి మామూలు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. లేదా ఎక్కడైనా సరే 45 చేరాలి. కాబట్టి ‘వడగాల్పులు లేవు’ అని ప్రకటించిన రోజు కూడా 41 డిగ్రీల ఎండ కాయవచ్చు. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతను కూడా రాసుకోండి. అది వరుసగా 29, 30 దగ్గర నిలిచిపోతే పగటి ఎండకు అలసిన శరీరం కోలుకోదు. ఇంట్లో ముసలివాళ్ళు, చంటిపిల్లలు ఉన్నవారు పగటి అంకెతో సమానంగా దీన్ని పట్టించుకోవాలి. 2015 మే నెల వడగాల్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారన్న సంగతి ఆ ఏడు చూసినవారెవరూ మరచిపోలేరు.

4. మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య తేమ కొలవండి

పనంతటికీ ప్రాణం ఇక్కడే ఉంది. రెండు ఉష్ణమాపకాలను ఎండ తగలని, గాలి ఆడే చోట, ఛాతీ ఎత్తున, గోడకు ఆనకుండా వేలాడదీయండి. ఒకదాని గుండుకు గుడ్డ చుట్టి, గుడ్డ రెండో కొసను గిన్నెలోని నీళ్ళలో వేయండి. నీళ్ళు కుండలోవి కాకుండా గది వేడిమితో ఉన్నవి కావాలి. మూడు నాలుగు నిమిషాలు విసనకర్రతో గట్టిగా విసరండి. తడిగుడ్డ ఉన్నదానిలో అంకె దిగుతూ దిగుతూ ఒకచోట ఆగుతుంది. ఆగిన వెంటనే ముందు తడిది, తరువాత పొడిది చదివి, రెండింటి తేడా రాసుకోండి.

మన వేసవి మధ్యాహ్నాలకు, అంటే పొడి ఉష్ణోగ్రత 36 నుంచి 40 మధ్య ఉన్నప్పుడు, ఒక తేలిక గుర్తు సరిపోతుంది. తేడా 15 డిగ్రీలు దాటితే తేమ 30 శాతం లోపే. తేడా 10 లోపు ఉంటే తేమ దాదాపు 45 శాతం పైనే. ఉదాహరణకు పొడిది 40, తడిది 28 చూపితే తేమ 40 శాతం దరిదాపున ఉన్నట్టు, అదే తడిది 24 చూపితే పాతిక శాతానికి దిగినట్టు.

డిజిటల్ మీటరు వాడేవారు దాన్ని ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే చదవకండి, బయట నీడలో ఇరవై నిమిషాలు ఉంచాలి. ఇవేవీ లేకపోతే గట్టు మీది ఎండాకును గుప్పిట్లో పట్టి నలపండి. నలిగి, వంగి, ముక్కలైతే అందులో ఇంకా కొంత చెమ్మ ఉంది. చిటపటమని పొడిపొడిగా రాలి అరచేతికి ముక్కుపొడిలా అంటితే, ఆ ఆకుకు బీడీ నిప్పు చాలు.

5. గాలి బలాన్ని, దిక్కును, తిరుగుడును గమనించండి

మార్చి నుంచి మే దాకా మన దగ్గర పొద్దున పడమర, వాయవ్యం నుంచి పొడిగాలి, మధ్యాహ్నం తరువాత ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి రావడం తరచు జరిగే క్రమం. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, లేదా లోపలికి రానే రాదు. విజయవాడ ఎండ చటుక్కున 42, 43కు ఎగబాకే రోజులు ఎక్కువగా ఇలాంటివే. సాయంత్రం పైరగాలి తగలగానే ప్రాణం లేచి వస్తుంది, నిజమే. అయితే అప్పటికే ఎక్కడైనా నిప్పు ఉంటే, దాని దారి మారిపోయే ఘడియ కూడా అదే.

బలాన్ని చెట్లను బట్టి తెలుసుకోండి. వేపాకులు, సన్న రెమ్మలు ఎడతెగకుండా కదులుతుంటే గాలి గంటకు 12 నుంచి 19 కిలోమీటర్లు. దుమ్ము, చిత్తుకాగితాలు నేల మీది నుంచి లేస్తుంటే 20 దాటింది. చిన్న చెట్లు మొత్తంగా ఊగుతుంటే 30కి దగ్గరైంది. గుడ్డపేలికను ఇంటి గోడ పక్కన కాక ఆరుబయట, మనిషికి రెండింతల ఎత్తున కట్టండి. పొద్దున పది గంటలకు, మధ్యాహ్నం రెండున్నరకు, సాయంత్రం ఐదుకు దిక్కు రాయండి. వారం తిరిగేసరికి మీ ఊళ్ళో గాలి ఎన్ని గంటలకు తిరుగుతుందో మీకే తెలిసిపోతుంది. ఏ ఫోనూ మీ ఊరికి ఇంత కచ్చితంగా చెప్పలేదు.

6. నాలుగు అంకెలు కలపండి

ఇది నేను వాడుకుంటున్న లెక్క, ప్రభుత్వ సూచిక కాదు. అధికారిక హెచ్చరిక ఉన్న రోజున దాన్నే పాటించండి.

తేమ 30 శాతం లోపుంటే 2, 30 నుంచి 45 మధ్య ఉంటే 1, ఆపైన ఉంటే సున్న. గాలి దుమ్ము లేపుతుంటే 2, ఆకులను ఎడతెగక కదుపుతుంటే 1, అంతకు తక్కువైతే సున్న. గడిచిన ఏడు రోజుల్లో కలిపి 5 మిల్లీమీటర్ల వాన కూడా పడకపోతే 1. పొద్దున పడమటి గాలి ఉండి సాయంత్రానికి తిరిగే అలవాటున్నా, ఈదురుగాలుల సూచన ఉన్నా 1. అన్నీ కలిపి ఆరు.

సున్న, ఒకటి వస్తే మామూలు జాగ్రత్త చాలు. రెండు, మూడు వస్తే ఆరుబయట నిప్పును కనిపెట్టుకుని ఉండాలి. నాలుగు, ఆపైన వస్తే ఆరుబయట నిప్పు పూర్తిగా మానాలి.

40 డిగ్రీలు కాసి, తేమ 42 శాతం ఉండి, ఆకులు మాత్రమే కదులుతూ, మూడు రోజుల క్రితం మంచి వాన పడి, గాలి తిరిగే గుర్తేమీ లేని రోజుకు 2 వస్తుంది. ఎండ 37 మాత్రమే ఉండి, తడి ఉష్ణమాపకం 21 చూపి, కాగితాలు ఎగురుతూ, నెలంతా చుక్క రాలక, గాలి తిరిగే అలవాటున్న రోజుకు 6 వస్తుంది. మా వాము కాలిన రోజున ఈ లెక్క వేసి ఉంటే, ఆరు కాకపోయినా నాలుగు తప్పక దాటేది.

7. వచ్చిన అంకెను బట్టి పని మార్చుకోండి

పొలంలో: నాలుగు, ఆపైన వచ్చిన రోజున చొప్ప, పత్తి కట్టె, వరి మోళ్ళు తగలబెట్టే మాటే వద్దు. అసలు ఏ రోజైనా కాల్చకుండా ఉండడమే నేను చెప్పే మొదటి మాట. రోటావేటరుతో కలియదున్నవచ్చు, గడ్డిని బేలరుతో కట్టలు కట్టించి అమ్ముకోవచ్చు, పత్తి కట్టెను ముక్కలు చేయించి ఎరువు గుంటలో వేయవచ్చు. పక్క రైతు కాల్చబోతుంటే గొడవ పెట్టుకోకుండా మీ నోటు పుస్తకం తీసుకెళ్ళి అంకెలు చూపించండి. పొగ ఎటు పోతోందని కాక, సాయంత్రం ఐదు గంటలకు ఎటు పోతుందని అడగండి. పొలం కొండపల్లి, కొండవీడు వంటి అడవి అంచున ఉంటే మరో సంగతి గుర్తుంచుకోండి. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరం.

గడ్డివాము దగ్గర: వామును కరెంటు తీగల కింద వేయకండి. ఒకే పెద్ద వాముకు బదులు ఎడమెడంగా రెండు మూడు చిన్నవి వేస్తే, ఒకటి పోయినా మిగతావి దక్కుతాయి. చుట్టూ మూడు బారల వెడల్పున గడ్డి చెక్కి మట్టి తేల్చండి. తడిసిన గడ్డిని వాము వేస్తే బయటి నిప్పు లేకుండానే లోపల వేడెక్కుతుంది. అకాల వాన తరువాత వామును ఇలా పరీక్షించండి. గునపాన్ని వాము నడుమకు దించి, పావుగంట ఉంచి, లాగి పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, రోజూ చూస్తూ ఉండండి. చేత్తో పట్టుకోలేనంత కాలితే, పొగచూరిన వాసన వస్తే, వామును మీరే విప్పకండి. గాలి తగలగానే లోపలిది భగ్గుమంటుంది. ముందు 101కి ఫోను చేయండి.

మిర్చి కల్లంలో: ఇక్కడ నిప్పు, వాన రెండూ శత్రువులే. ఎండ ముదిరి, మధ్యాహ్నానికి పడమట మబ్బు కమ్మితే గంటలోపే గాలివాన దిగవచ్చు. తడిసిన కాయ రంగు పోయి తాలుగా మిగులుతుంది, గుంటూరు యార్డుకు తీసుకెళ్ళినా ధర పడిపోతుంది. ‘మూడు గంటల లోపు’ అని వచ్చే తక్షణ హెచ్చరిక చూడగానే కాయను కుప్ప చేసి, పట్టా కప్పి, అంచుల మీద రాళ్ళకు బదులు మట్టి బస్తాలు పెట్టండి. వాన వెలిశాక పట్టా తీయడం ఆలస్యం చేయవద్దు. చెమ్మతో మూసి ఉంచిన కుప్ప లోపల ఉడుకుతుంది. కల్లం దగ్గర కాపలావాళ్ళ పొయ్యి కుప్పకు గాలివాలున ఉండేలా చూడండి. అంటే గాలి ముందు కుప్పను దాటి, తరువాత పొయ్యిని తాకాలి. గాలి తిరిగాక పొయ్యి స్థానం కూడా మారాలి.

ఇంట్లో: తాటాకు, రెల్లుగడ్డి కప్పు ఉన్నవారు నాలుగు, ఆపైన వచ్చిన రోజున పొద్దున తొమ్మిది లోపు వంట ముగించి, పొయ్యిలో నీళ్ళు చల్లి, బూడిదను వేలితో తాకి చూసి మరీ బయట పోయండి. కప్పు పక్కన నిచ్చెన, రెండు డ్రమ్ముల నీళ్ళు ఉండాలి. కొండవాలు ఇళ్ళవారు ఇంటికి దిగువ వైపున ఉన్న ఎండుగడ్డిని ముందు తీయించండి, ఎందుకంటే మంట పల్లం కంటే ఎత్తుకు చాలా వేగంగా పాకుతుంది. నగరంలో అపార్టుమెంటువారు మెట్ల కింద అట్టపెట్టెలు, పాత పరుపులు దాచకండి, ఏసీని ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపకండి.

8. ఉరుముల రోజును వేరుగా చూడండి

ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వాన తెచ్చే క్యుములోనింబస్ మబ్బు పడితే అరగంటలో ఉష్ణోగ్రత పది డిగ్రీలు పడిపోవచ్చు. ఆ చల్లదనానికి మోసపోకండి. వానకు ముందు వచ్చే ఈదురుగాలి, అప్పటికే ఉన్న నిప్పును అన్ని దిక్కులకూ చిమ్ముతుంది, తీగలు తెగితే కొత్త నిప్పు పుడుతుంది. తెగిన తీగ దగ్గరకు వెళ్ళకుండా 1912కు చెప్పండి. ఉరుము వినబడితే చెట్టు కింద, పొలం మధ్య నిలబడకండి, పక్కా ఇంట్లోకి వెళ్ళండి.

తరచు జరిగే పొరపాట్లు

పొద్దున ఎనిమిదింటికి మంచు పడి గడ్డి తడిగా ఉండడం చూసి ‘ఈ రోజు అంటుకోదు’ అనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఎండుగడ్డి, ఆకుల వంటి సన్నని చెత్త గంట రెండు గంటల్లో ఆరిపోతుంది. పదకొండు గంటలకు అదే గడ్డి వేరే వస్తువు. వాన విషయం కూడా ఇంతే. రెండు మిల్లీమీటర్ల జల్లు పడిన మరునాటి మధ్యాహ్నానికి గడ్డి మళ్ళీ నిప్పుకు సిద్ధంగా ఉంటుంది.

ఫోనులో కనబడే ‘అనిపించే వేడి’ని అసలు ఉష్ణోగ్రతగా రాసుకోవడం రెండోది. అది తేమను కలిపి శరీరానికి తోచే బాధను చెప్పే అంకె. తేమ ఎక్కువైతే అది పెరుగుతుంది, నిప్పు ప్రమాదం తగ్గుతుంది. అంటే ఆ అంకెను నిప్పుకు వాడితే లెక్క తలకిందులవుతుంది. కూడలిలో తెరల మీద, కారు లోపల కనిపించే 46, 47లను కూడా నమ్మకండి, తారు రోడ్డు సెగకు, ఎండకు కాగిన పరికరాలు అవి.

వర్షపాతం తేదీలో కూడా తికమక పడతారు. వాతావరణ శాఖ రోజు ఉదయం 8.30కి ముగుస్తుంది. మంగళవారం రాత్రి పడిన వాన బుధవారం లెక్కలో కనబడుతుంది. మీ డబ్బాను కూడా ఆ వేళకే కొలిచి ఖాళీ చేస్తే పోల్చుకోవడం తేలిక.

మరికొందరు అడవి మంటలను చూపే ఉపగ్రహ పటంలో ఎర్రచుక్క లేదు కాబట్టి కొండ మీద నిప్పు లేదనుకుంటారు. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా హెచ్చరికలకు ఆధారమైన ఉపగ్రహాలు రోజులో కొన్ని వేళల్లోనే మన మీదుగా పోతాయి, ఒక్కో చుక్క 375 మీటర్ల గడికో కిలోమీటరు గడికో గుర్తు. చిన్న మంట, రెండు ప్రయాణాల మధ్య పుట్టిన మంట అందులో కనబడకపోవచ్చు. కంటికి పొగ కనబడితే కంటినే నమ్మి 101కి చెప్పండి.

నిప్పు అంటుకుంటే మాత్రం గాలి పోతున్న వైపుకు పరుగెత్తకండి, పక్కకు తప్పుకుని దున్నిన చేలోకో, అప్పటికే కాలిన నేల మీదికో చేరండి. కొండ అయితే పైకి ఎక్కవద్దు. 101కి ఫోను చేసినప్పుడు ఊరి పేరుతోపాటు ఏ కాలువ గట్టు మీదుగా బండి రాగలదో చెప్పండి, ఒకరిని రోడ్డు మలుపు దగ్గర నిలబెట్టండి. డొంకలో దారి వెతుక్కోవడంలోనే ఎక్కువ సమయం పోతుంది.

మీ లెక్క సరైనదేనా అని చూసుకోవడం

ముందు పరికరాలు. దంచిన ఐసులో కొంచెం నీళ్ళు కలిపి ఉష్ణమాపకం గుండును ముంచితే సున్న చూపాలి. ఒక డిగ్రీ తేడా ఉంటే దాని మీద రాసిపెట్టుకుని ప్రతిసారీ సవరించుకోండి. రెండింటినీ పొడిగా పక్కపక్కన తగిలిస్తే ఒకే అంకె రావాలి. డిజిటల్ మీటరుకు ఉప్పు పరీక్ష ఉంది. సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీటి చుక్కలు వేసి, మూతనూ మీటరునూ ఒకదాన్నొకటి తాకకుండా గాలి చొరబడని డబ్బాలో రాత్రంతా ఉంచండి. పొద్దున 75 శాతం చూపాలి. 70 చూపితే ఐదు కలపండి, 60 చూపితే ఆ మీటరు వదిలేయండి.

తరువాత మీ అంకెలను గన్నవరం కేంద్రంలో ఆ రోజు నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రతతో పోల్చండి. ప్రతి రోజూ ఒకే వైపు రెండు డిగ్రీల తేడా వస్తుంటే అది మీ చోటి స్వభావం కావచ్చు. రోజుకొక తీరుగా తేడా వస్తుంటే ఉష్ణమాపకం మీద ఎక్కడో ఎండ పడుతోంది, లేదా గోడ సెగ తగులుతోంది. దాని చోటు మార్చండి.

ఇక అంకెల మాట. పుస్తకంలో ప్రతి రోజు ఎదుట మీ ఊళ్ళో, పక్క ఊళ్ళో పొగ కనిపించిందా, ఫైరింజను వెళ్ళిందా అని ఒక ముక్క రాయండి. రెండు, మూడు వేసుకున్న రోజుల్లోనే నిప్పులు లేస్తుంటే మీ ఊరికి నా లెక్క వదులుగా ఉన్నట్టు. హద్దును నాలుగు నుంచి మూడుకు దించుకోండి. బందరు కాలువ పొడవునా పచ్చిక ఉన్న ఊళ్ళకు నాలుగు సరిపోతుంది, మాచర్ల వైపు మెట్ట చేలకు మూడే మేలు. ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో దగ్గరి ఫైర్ స్టేషనుకు వెళ్ళి, మీ పుస్తకం చూపించి, మీ వీధికి బండి ఎంతసేపట్లో రాగలదో, నీళ్ళు ఎక్కడ నింపుకోగలదో అడిగి తెలుసుకుని, ఆ రెండు సంగతులను ఫోను నంబర్ల కిందే రాసుకోండి. మృగశిర కార్తె వచ్చి తొలకరి పడి, వారంలో పాతిక మిల్లీమీటర్లు దాటి, గట్ల మీద కొత్త పచ్చిక కనబడేదాకా కొలవడం ఆపకండి.